అయిదు తాళంచెవుల ఇల్లు

ఆ ఇంటి పై వాటా మంచిది కాదని ఆ వీధిలో ఎవరినడిగినా చెప్తారు. బస్సు డిపో వెనక సందు చివర, మెట్లు బయటికే ఉన్న మేడ. అర్ధరాత్రి దాటాక ఆ మెట్ల మీద ఎవరో ఎక్కుతారట. ఒక మెట్టు... ఆగుతుంది. ఇంకో మెట్టు... మళ్ళీ ఆగుతుంది. పైన తలుపు కిర్రుమంటుంది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

పూర్వం ఆ వాటాలో టైపు మిషను కొట్టుకుని బతికే ముసలాయన ఒక్కడే ఉండేవాడట. తొమ్మిది నెలల అద్దె బాకీ పెట్టి, ఒకనాడు కుర్చీలోనే పోయాడట. సందు మొదట్లో బట్టలు ఇస్త్రీ చేసే అతను అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇదంతా చెప్తుంటాడు. ఈ కథ కూడా అతను చెప్పిందే.

ఆ ఇల్లు కొనేముందు ఈ సంగతులేవీ, బట్టలు కుట్టి బతికే కుట్టక్క చెవిన పడలేదు. పడినా లెక్కచేసే మనిషి కాదు. ఇరవై రెండేళ్ళు కుట్టుమిషను తొక్కి తొక్కి ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంక తొక్కలేనని తెలిశాక, కడుపు కట్టుకుని దాచిందంతా తెచ్చి ఆ ఇంట్లో పోసింది. ఒక్కరే కొనే తాహతు ఎవరికీ లేదు గనక అయిదుగురు కలిశారు. ఆమె, బస్సు నడిపే ఆమె మరిది, ఒక కాంపౌండరు, ఒక వడ్రంగి, ఒక స్కూలు గుమాస్తా. పైనా కిందా అద్దెకిచ్చి, వచ్చింది అయిదు భాగాలు చేసుకోవాలని ఒప్పందం. ముసలితనంలో ఆమె నోట్లోకి వెళ్ళే ముద్ద ఆ అద్దె మీదే ఆధారపడింది.

కలిశారేగానీ, ఒకరి మీద ఒకరికి ఆవగింజంత నమ్మకం లేదు! పై వాటాకి ఇంత లావు తాళం కొని, అయిదు తాళంచెవులు చేయించి తలా ఒకటి పంచుకున్నారు. అయిదుగురూ కలిసి ఉంటే తప్ప ఎవరూ తాళం తియ్యకూడదని గుమాస్తా కాయితం రాస్తే, అందరూ సంతకాలు కూడా గిలికారు.

పై వాటాకి ఎవరూ రాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు సందు మొదట్లో ఇస్త్రీ అతనితో రెండు నిమిషాలు మాట్లాడి అటునుంచి అటే పోయేవాళ్ళు. కింది వాటాలో చేరినవాళ్ళేమో నిలవలేదు. ఏడాదిలో మూడు కుటుంబాలు సామాను సర్దుకున్నాయి. ఆఖరిగా వెళ్ళిన కొత్త పెళ్ళికూతురు కుట్టక్క చెయ్యి పట్టుకుని గొణిగింది—

"అక్కా... ఒక్కోరాత్రి బరువుగా ఎక్కుతుంది... ఒక్కోరాత్రి పిల్లిలా. రెండుసార్లు మాత్రం కుంటుకుంటూ ఎక్కింది... మెట్టు మెట్టుకీ మూలుగుతూ..."

కుట్టక్క మొహం మాడ్చుకుంది. చెయ్యి విడిపించుకుని వచ్చేసింది.

ఇంక లాభం లేదు, అమ్మేద్దామన్నారు నలుగురూ. వచ్చింది సగం ధర. రేపు పదకొండు గంటలకి సంతకాలు. కుట్టక్కకి ఒళ్ళు మండిపోయింది.

"సగానికా? నా మోకాళ్ళు కూడా సగానికే అమ్మేస్తారా?"

"దెయ్యంతో ఎవరు పడతారు వదినా?" అన్నాడు మరిది నేల చూపులు చూస్తూ.

"దెయ్యమో, దాన్ని పుట్టించినవాడో... ఈ రాత్రితో తేలిపోవాలి."

అన్నంత పనీ చేసింది. చీకటి పడగానే వెళ్ళి మెట్ల కింద సందులో కూర్చుంది. ఒక చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర. దోమలు కుడుతున్నా కదల్లేదు. కోపం ఉన్నంతసేపూ ఆమెకి భయం గుర్తు రాలేదు.

డిపోలో ఆఖరి బస్సు ఆగింది... వీధి సద్దుమణిగింది... ఒంటిగంట దాటింది.

గేటు కదిలింది.

ఎవరో లోపలికొచ్చారు. చెప్పుల చప్పుడు లేదు... ఊపిరి మాత్రం వినిపిస్తోంది. మొదటి మెట్టు మీద కాలు పడగానే ఆమె టార్చి వెలిగించింది.

వడ్రంగి! చెప్పులు చేత్తో పట్టుకుని, కళ్ళు తేలేసి నిలబడ్డాడు.

"నువ్వేనట్రా ఆ దెయ్యానివి!"

"ష్ష్... అక్కా... గేటు..."

మళ్ళీ గేటు కదిలింది. లైటు ఆర్పేసి ఇద్దరూ గోడకి అతుక్కుపోయారు. ఈసారి కాంపౌండరు. అతని వెనకే, పది నిమిషాల తేడాలో, గుమాస్తా. అందరికంటే ఆఖర్న, డ్యూటీ బట్టలతోనే, మరిది. రేపు అమ్మేస్తున్నారు గనక మోసగాణ్ణి పట్టుకోవడానికి ఇదే ఆఖరి రాత్రి అని అయిదుగురికీ ఒకే ఆలోచన!

"నువ్వు దొంగచాటుగా పైన ఎవరినో పెట్టి అద్దె నొక్కేస్తున్నావని..." అన్నాడు వడ్రంగి గుమాస్తాతో.

"నేనా? నేనొచ్చి తాళం తీసి చూసిన రాత్రి పైన బీడీ ముక్క ఉంది. మనిషి లేనిదే బీడీ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"అది... నాదే," అన్నాడు మరిది.

"మరి జాకెట్టు గుండీ?" అన్నాడు కాంపౌండరు. "ఆడమనిషి కాపురం ఉంటోందనుకున్నా."

కుట్టక్క చేతిలో కత్తెర మెట్టు మీద పెట్టేసింది.

"నాది. మీ మీద అనుమానంతో రెండుసార్లు వచ్చాను. ఆ కుంటి దెయ్యాన్ని నేనే."

అన్నాక ఆమెకి ఏడుపు రాలేదు, మంట పుట్టింది. వాళ్ళ మీద కాదు, తన మీద. తన చెయ్యి పట్టుకుని గొణిగిన ఆ పెళ్ళికూతురు గుర్తొచ్చింది.

"ఛీ! బంగారంలాంటి కుటుంబాలు మూడు. మనమే తరిమేశాం. కాయితం రాసుకుని మరీ మన నోట్లో మనమే మన్ను కొట్టుకున్నాం. తియ్యండి తాళంచెవులు. ఇక్కడ పెట్టండి!"

మెట్టు మీద ఒక్కొక్కటీ పెట్టారు. ఒకటి... రెండు... మూడు... నాలుగు... అయిదు. గుమాస్తా సిగ్గుగా నవ్వాడు. మరిది బీడీ తీశాడు. హమ్మయ్య, దెయ్యమూ లేదు, పాడూ లేదు. రేపు సంతకాలూ అక్కర్లేదు.

అప్పుడు...

పైనుంచి... తాళం వేసి ఉన్న ఆ వాటాలోంచి...

టక... టక... టకటక... టింగ్!

మరిది చేతిలో బీడీ జారిపోయింది. వడ్రంగి చెప్పులు అక్కడే వదిలేశాడు. గేటు దాకా వెళ్ళాక మరిది "వదినా... వచ్చెయ్" అని, గట్టిగా అరవలేక, గుసగుసలాడాడు. తర్వాత పరుగులు... తర్వాత అదీ లేదు.

కుట్టక్క పరిగెత్తలేదు. పరిగెత్తే కాళ్ళు ఎక్కడున్నాయి? పైగా కోపం దిగలేదు. మెట్టెక్కింది... ఆగింది. ఇంకో మెట్టెక్కింది... మూలిగింది.

తలుపుకి తాళం వేలాడుతోంది. లోపల టకటక ఆగలేదు. అరచేత్తో తలుపు మీద ఒక్క చరుపు చరిచింది.

"ఎవరయ్యా లోపల? ఇరవై రెండేళ్ళ నా కష్టం ఈ ఇల్లు! బతికున్నావో పోయావో నాకు అనవసరం. ఉంటే ఉండు. ఉన్నవాడివి అద్దె కట్టు!"

టకటక ఆగిపోయింది.

కుర్చీ జరిగింది... అడుగులు దగ్గరికొచ్చాయి... తలుపు కింద సందులోంచి ఏదో మెల్లగా బయటికి జారింది. దారం చుట్టిన నోట్ల కట్ట.

దారం విప్పింది. లెక్కపెట్టింది. సరిగ్గా నెల అద్దె. టార్చి దగ్గరగా పెట్టి చూసింది. చెలామణీలోంచి ఇరవై ఏళ్ళ కిందటే తీసేసిన నోట్లు!

మర్నాడు పదకొండు గంటలకి కుట్టక్క సంతకం పెట్టనని తెగేసి చెప్పింది. ఎందుకని అడిగితే, పై వాటా ఖాళీ లేదంది. అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇస్త్రీ అతనికి మాత్రమే, ఒకసారి, గొంతు తగ్గించి చెప్పిందట. ఆ రాత్రి ఆమె నోట్లకట్ట తలుపుకేసి కొట్టి, "ఇవి చెల్లవు!" అని అరిచిందట. ఆ తర్వాత తాళం వేసిన తలుపు వెనక నుంచి... నీరసంగా... మొహమాటపడుతున్నట్టు ఒక గొంతు...

"వచ్చే నెల ఇచ్చేస్తానమ్మా... తప్పకుండా..."