ఇరవై అడుగుల కాగితం

"ఇరవై అడుగులంటే ఇరవై అడుగులే! నడువు!" చేతిలో కాగితం పట్టుకుని మంగళ అరిచింది.

భూదేవి నల్లా దగ్గర బిందె ఎత్తుకుని వరసగదుల చాల్ గ్యాలరీలో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. పన్నెండో అడుగుకే తన గది వచ్చింది.

"మంగళా, మా ఇల్లు ఇదేనే."

"కాగితంల ఏముంది? ఇరవై. అటెన్క బిందె వంచాలె."

భూదేవి ఇంకో ఎనిమిది అడుగులు వేసింది. బిందె వంచింది. సరిగ్గా అక్కడే, ఎండలో పక్కగది గంగవ్వ వడియాలు ఆరబెట్టింది.

"ఓ పోరీ! నా వడియాలకు తానం చేయిస్తున్నవా?" చీపురుతో బయటికొచ్చింది గంగవ్వ.

"కాగితంల అట్లనే ఉందవ్వా!" అని వాళ్లతో ఆడుతున్న పెంటయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇదంతా కంప్యూటర్ కోసం. కామాఠిపురాలో వాళ్ల బడికి కొత్తగా ఒక కంప్యూటర్ వచ్చింది. ఆ గది బయటే చెప్పులు విడవాలి. కంప్యూటర్ మీద ఎప్పుడూ తెల్లగుడ్డ కప్పి ఉంటుంది. పిల్లల్లో ఒక్కరూ దాన్ని ఇంకా ముట్టుకోలేదు.

శనివారం శంకర్రావు సార్ చెప్పారు. "ప్రోగ్రాం రాయడానికి కొత్త పద్ధతి ఒకటుంది. ముందు ఇల్లు ఎలా ఉండాలో ఒక నమూనా అనుకుంటాం. దాన్నిబట్టి ఎన్ని ఇళ్లయినా తయారుచేస్తాం. ప్రతి ఇంటికీ తన సామాను ఉంటుంది, తన పని తనకు తెలుస్తుంది. మీరు తలా ఒక ఇల్లు అవండి. నీళ్లు నింపే ఆట ఆడి చూపించండి. మధ్యలో నేనొక మార్పు చేస్తాను. అయినా ఎవరి ఆట ఆగదో, ఈ వారం ఆ జట్టే కంప్యూటర్ ముందు కూర్చుంటుంది."

మంగళ జట్టుకు లీడరు. అందరి పనీ తనే రాసింది. నల్లాకు అటువైపు ఉన్న తమ గదికి ఇరవై అడుగులు. అందుకని అందరికీ ఇరవై అనే రాసింది.

ఆదివారం సాయంత్రం మంగళ వాళ్లమ్మ బిందెలు తోముతూ ఒకటే కంగారు పడింది. "గంగవ్వ ఊకుంటదా? రేపు సార్ ముంగట నీ ఆట ఆగిపోతే? నాలుగోతోనే నా బడి బందయింది బిడ్డా, నేనేం చెప్పాలె?" తోమిన బిందె బోర్లించి తనే అంది. "పొద్దుగాల నాతో నల్లాకాడికి రా. అక్కడి పనైతే నాకెరుక."

తెల్లవారగానే నల్లాలో బుసబుస మొదలైంది. ముందు నిలబడ్డ గంగవ్వ ఒక్కటే కేక పెట్టింది. "నల్లా వచ్చింది! నీళ్లు నింపుకోండ్రి!"

భూదేవి వాళ్లమ్మ నెత్తిమీద రెండు బిందెలు ఎత్తుకుని వెళ్లింది. పెంటయ్య నాన్న తన వంతు రాగానే రబ్బరు పైపు తగిలించాడు. మంగళ వాళ్లమ్మకు నడుంనొప్పి. చిన్న బిందెతో నాలుగుసార్లు తిరిగింది. అందరిళ్లలోనూ నీళ్లు నిండాయి.

"అమ్మా! ఎట్ల నింపాలో గంగవ్వ ఎవ్వరికీ చెప్పలే!" అంది మంగళ.

"ఎందుకు చెప్పాలె? మన గదిల డ్రమ్ము ఏ మూలకుందో ఆమెకెరుకనా?" అంది అమ్మ.

మంగళ కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపేసింది.

బడిలో ఆట మొదలైంది. మంగళ ఒక్క మాటే అంది. "నీళ్లు నింపు!"

భూదేవి, పెంటయ్య బయల్దేరారు. ఇంతలో సార్ భూదేవి చేతిలోంచి బిందె తీసుకుని చెంబు పెట్టారు. "నీ బిందెకు చిల్లి పడింది."

భూదేవి ఒక్క క్షణం చెంబు వంక చూసింది. తర్వాత చెంబుతోనే ఆరుసార్లు తిరిగి నీళ్లు నింపేసింది.

"భూదేవికి ఏం చెయ్యాలో చెప్పలేదేం మంగళా?" సార్ అడిగారు.

"ఆమె ఇంట్ల సంగతి ఆమెకెరుక సార్. నేను నింపమని అడుగుడే."

సార్ నవ్వారు. "చెప్పులు విడవండి."

తెల్లగుడ్డ తొలగింది. కీబోర్డు మీద తమ పేర్లు కొట్టమన్నారు సార్. ముందు భూదేవి కూర్చుంది. మొదటి అక్షరం ఎక్కడుందో ఆమెకు కనబడలేదు. వేలు అటూ ఇటూ తిరుగుతోంది.

అక్షరం మంగళకు కనబడింది. చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఠక్కున వెనక్కి తీసుకుని, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుంది.

"నీ పేరు కొట్టు భూదేవీ," అంది. అంతే.

భూదేవి వేలు ఇంకో రెండు వరసలు వెతికింది. ఆగింది.

టక్.

నల్లని తెర మీద పచ్చని అక్షరం వెలిగింది.