మూడు గొలుసులు

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె దేవుణ్ణి అడిగింది ఒక్కటే, భర్త రోజూ ఇంటికి రావాలని. అతను లారీ డ్రైవరు. పక్కగోడలు లేని పొడవాటి ట్రైలర్ మీద ఉక్కు రేకుల చుట్టలు వేసుకుని తొమ్మిది వందల కిలోమీటర్లు తోలుకెళ్లేవాడు. వెళ్తే వారం. వచ్చిన రెండు రోజులకే మళ్లీ ప్రయాణం. అలాంటిది ఏడు నెలలుగా రోజూ దీపాలు పెట్టే వేళకల్లా ఇంట్లో ఉంటున్నాడు. కోరిక తీరిన దగ్గర్నుంచే ఆమెకు భయం పట్టుకుంది.

ఆ రోజు పొద్దున గడప దగ్గర కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. వేళ్లు మాట వినడం లేదు. ముడి రెండుసార్లు జారిపోయింది. వంటింట్లో ఆమె చేతిలోంచి గిన్నె ఒకటి నేలమీద పడింది. ఆ చప్పుడుకి అతను ఒక్క ఉదుటున లేచి, రెండు చేతులతో మెడ వెనక పట్టుకున్నాడు. ఆమె పరుగున వచ్చి ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాడు. మొహాన చెమట తుడుచుకుని, తాళ్లు కట్టుకోకుండానే వెళ్లిపోయాడు.

ఆమె కుట్టుమిషన్ ముందు కూర్చుందే గాని కాలు ఆడలేదు. రోడ్డుమీద లారీ హారన్ వినపడితే చాలు, లేచి గుమ్మంలోకి వస్తోంది. రోగమా? ఎవరితోనైనా గొడవా? వారం రోజులుగా ఆ మనిషి నవ్విన పాపాన పోలేదు. అడిగితే ‘బాగానే ఉన్నానుగా’ అన్న మాట తప్ప ఇంకోటి రాదు.

సంపాదన తగ్గిన సంగతి ఆమెకు తెలుసు. ఉక్కు ఫ్యాక్టరీవాళ్లు సరుకంతా రైలుకెక్కించారు. అరవై లారీల సరుకు ఒక్క గూడ్సు బండిలో ఊరి చివరి యార్డుకు వచ్చేస్తోంది. అక్కడ దిగిన చుట్టల్ని చుట్టుపక్కల కార్ఖానాలకు చేర్చడమొక్కటే లారీలకు మిగిలింది. మునుపు కిలోమీటరుకింత అని జీతం, దారి ఖర్చులకు బత్తా. ఇప్పుడు ట్రిప్పుకింత. క్రేను కోసం యార్డులో ఒక్కోసారి నాలుగు గంటలు పడిగాపులు పడినా ఆ నాలుగు గంటలకు పైసా రాదు. కిలోమీటర్లు రైలు పట్టుకుపోయింది, ఎదురుచూపులు మాకొదిలింది అని డ్రైవర్లు నవ్వుకునేవాళ్లు. ఈ మధ్య అదీ మానేశారు.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఆ యార్డులోనే పనిచేస్తుంది. నిన్నటిదాకా ఆఫీసులో కాగితాల పని; బయటికెళ్లే ప్రతి లోడునూ గేటు దగ్గర తనిఖీ చేసే పని ఆ పొద్దునే అప్పగించారు. ఉద్యోగం వచ్చిన రోజున తండ్రి, ‘మన ఇంటికి కన్నం వేసినవాడి దగ్గరే కొలువు సంపాదించావే’ అని పగలబడి నవ్వాడు. ఆ నవ్వు కూడా నెలలు గడిచేకొద్దీ ఎటో పోయింది.

పదకొండు గంటలకు కూతురు ఫోన్ చేసింది.

“అమ్మా, నాన్న బండిని గేట్లో ఆపేశాను. ఇంటికొస్తున్నాడు. నేనొచ్చేదాకా ఏమీ అడక్కు.”

ఎందుకు ఆపావని అడిగేలోపే ఫోన్ పెట్టేసింది.

అతను లోడు యార్డులోనే దింపేసి, ఖాళీ ట్రైలర్‌ను వీధి చివర నిలిపి ఇంట్లోకొచ్చాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినమంటే వద్దన్నాడు. ఆమె గుమ్మంలో కూర్చుని అతని వీపు పైకీ కిందికీ కదలడం చూస్తూ ఉండిపోయింది. కదులుతున్నంతసేపూ కాస్త ధైర్యం.

అయిదింటికి కూతురు వచ్చింది. చెప్పులు విప్పేలోపే అతను లేచి కూర్చున్నాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, ఆ రోజూ గొంతు పెంచలేదు.

“నా వెనక పదకొండు బళ్లున్నాయి. అందరి ముందూ దిగమన్నావు. నీ వయసంత అనుభవం ఉంది నాకు. మీ రైలు నా కడుపు మీద కొట్టింది, సరే అనుకున్నాను. నువ్వు మొహం మీద కొట్టావు.”

“ఆరు గొలుసులు వేయాలి నాన్నా. మూడే వేశావు,” అంది కూతురు.

“మూడింటితో వెళ్లేది నేనొక్కణ్ణేనా?”

“కాదు. మిగతావాళ్లనీ ఆపుతున్నాను. నిన్ను మాత్రం వదిలేయమంటావా? పద్దెనిమిది టన్నుల చుట్ట నీ మెడ వెనక ఉంటుంది. నువ్వు గేటు దాటుతుంటే సంతకం పెట్టాల్సిన చెయ్యి నాది.” ఆమె చెయ్యి చాపింది.

అతను ఆ చేతిని చూసి తల దించుకున్నాడు. అప్పుడు జరిగిందంతా చెప్పుకొచ్చాడు.

గొలుసు వేసి బిగించి సరిచూసుకోవడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. మూడు తగ్గిస్తే దాదాపు ఇరవై నిమిషాలు మిగులుతాయి. అలా మిగుల్చుకుంటేనే రోజుకు అయిదో ట్రిప్పు పడుతుంది. మొదట ఒక గొలుసు తగ్గించాడు, ఏమీ కాలేదు. తర్వాత ఇంకొకటి, ఆపైన మూడోది. పోయిన గురువారం కూడలి దగ్గర ఎవరో స్కూటరు మీద అడ్డం వస్తే బ్రేకు తొక్కాడు. బండి ఆగింది. వెనక చుట్ట ఆగలేదు. గొలుసొకటి తెగి, చుట్ట ముందుకు జారి క్యాబిన్ వెనక రేకును గుద్దింది. దిగి చూస్తే, స్కూటరు మనిషి ముందు చక్రానికి జానెడు దూరంలో నిలబడి ఉన్నాడు. తను రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు.

“మరి మర్నాడు?” అంది భార్య.

“మర్నాడూ మూడే వేశాను. భయం వేసింది. ప్రతి మలుపులోనూ వేస్తూనే ఉంది. కాని భయపడినందుకు ఎవరూ జీతమివ్వరు కదా.” భార్యవైపు తిరిగాడు. “మూణ్ణెల్ల కిందట జీతం తెచ్చి నీ చేతిలో పెడితే, ‘ఇంతేనా?’ అన్నావు. తప్పుగా అనలేదు, నాకు తెలుసు. కాని ఆ రోజునుంచీ అయిదో ట్రిప్పు లేకుండా ఇంటికి రావాలంటే కాళ్లు రాలేదు.”

ఆమెకు ఆ మాట అన్నట్టే గుర్తులేదు. కూర చూసి ఉప్పు తక్కువైందన్నట్టు అనేసి ఉంటుంది. ఆమె లేచి, వీధి చివరిదాకా నడిచింది. క్యాబిన్ తలుపు తీసి పైకెక్కింది. సీటు వెనక రేకు లోపలికి పొడుచుకొచ్చి ఉంది. తను అతని సీట్లో కూర్చుని తల వెనక్కి వాల్చింది. రేకు ఆమె జుట్టును తాకింది. అక్కడే, స్టీరింగ్ పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి అతను వచ్చి కింద నిలబడ్డాడు.

“దిగు,” అన్నాడు.

“నన్ను తిట్టండి. ఇంకెప్పుడూ ఇలా దాచుకోకండి,” అంది. అతను చెయ్యి అందించి దింపుకున్నాడు.

మర్నాడు అతను యార్డుకెళ్లి ఆరు గొలుసులూ వేశాడు. మూడు ట్రిప్పులే పడ్డాయి. ఇలా అయితే బండి ఇంకొకరికి ఇస్తానన్నాడు లారీల కాంట్రాక్టరు. నోట్లో నాలుక లేనివాడని పేరుపడ్డ మనిషి, అందరి ముందూ గురువారం సంగతి చెప్పాడు. తనకు భయం వేసిందని కూడా చెప్పాడు. తర్వాత ఒక డ్రైవరు తన బండి చుట్ట కూడా కదిలిందన్నాడు. ఇంకొకడు తనదీ అన్నాడు. ఎదురుచూసే గంటలకూ డబ్బు ఇస్తేనే బండి తాళాలు ముట్టుకుంటామని పదిహేను మంది కూర్చున్నారు. రెండు రోజులు క్రేను కింద చుట్టలు పేరుకుపోయాక, రెండు గంటలు దాటిన ఎదురుచూపుకి గంటకింతని ఒప్పుకున్నాడు కాంట్రాక్టరు. కిలోమీటర్ల రోజుల సంపాదన మాత్రం మళ్లీ రాదు. వేణ్నీళ్లకు చన్నీళ్లుగా ఆమె ఒక బడి యూనిఫారాలు కుట్టడానికి ఒప్పుకుంది. క్యాబిన్ రేకు మార్పించారు.

పని మళ్లీ మొదలైన రోజు సాయంత్రం కూతురు వంటింట్లోకొచ్చి అమ్మ పక్కన నిలబడింది. ఆ రోజు నాన్న లోడును అందరికంటే ఎక్కువసేపు చూసిందట. ఒక్కొక్క గొలుసూ లాగి చూసి, కాగితం చేతికిస్తుంటే వెనక బండివాడు విసుక్కున్నాడట, ఈ పిల్ల ఇంత సతాయిస్తుందేమిటని.

“నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి వాడితో ఏమన్నాడో తెలుసా అమ్మా? ‘అది నా కూతురు. నన్నే వదల్లేదు, నిన్ను వదుల్తుందా? దిగి గొలుసులు చూసుకో’ అన్నాడు.”

చెబుతూ చెబుతూ కూతురు ఏడ్చేసింది. ఆమె తడిచేతులతోనే కూతుర్ని దగ్గరికి తీసుకుంది. ముందుగదిలో అతను వినపడనట్టు కూర్చుని, అక్కర్లేకపోయినా కుట్టుమిషన్‌కు నూనె వేస్తున్నాడు.