ఏటిగట్టు పార్కులో ఆ ఒక్క మూల

హోసూరు బస్టాండు వెనక, టైర్ల కొట్టు మీది గదిలో దేవేంద్ర ఆఫీసు. ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరేవాళ్ళ పూర్వాపరాలు విచారించి చెప్పడం అతని రోజువారీ పని. 2004 జూన్‌లో ఒక ఉదయం అతనూ, సహాయకురాలు రంజితా అలాంటి రిపోర్టు ముగిస్తుండగా ప్రతిభ వచ్చింది. ఆమె బడిలో టీచరు. కుర్చీలో కూర్చుందే గాని ఒళ్ళోని చేతిసంచి కింద పెట్టలేదు.

"మా పార్కు వాచ్‌మన్ ముత్తప్ప చచ్చిపోయినాడు సార్. తాగి గుంతలో పడినాడని పోలీసులు రాసుకోని పోయినారు. నాకు నమ్మకం లేదు. ఎవరో చంపినారు. తరవాత నా వంతేమో అని భయంగా ఉండాది."

"మీ వంతు ఎందుకవుతుంది? మొదట్నించి చెప్పండి" అన్నాడు దేవేంద్ర.

ఊరి చివర పెన్నేటి గట్టున ఒక పాత పార్కుంది. ఇరవై ఏళ్ళుగా కంపచెట్లు కమ్ముకుని, చెత్త పేరుకుని, తాగుబోతుల అడ్డా అయింది. ఫ్యాక్టరీ షిఫ్టుల ఊళ్ళో పక్కింటివాడి ముఖమే తెలియదు, నలుగురూ కూర్చునే చోటొకటి కావాలని చుట్టుపక్కల వీధులవాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. మామిడికాయల మండీ నడిపి మానుకున్న అశ్వత్థప్ప అధ్యక్షుడు, ప్రతిభ కార్యదర్శి. ఆదివారాల్లో కంప కొట్టారు, చెత్త ఎత్తారు. హరికథలకూ, పిల్లల ఆటపాటలకూ ఏటి ఒడ్డున ఒక రాతి వేదిక కట్టాలని పునాది తవ్వడం మొదలుపెట్టారు.

"ముగ్గు పోసి గూటాలు కొడితే తెల్లారేసరికి పీకేస్తా ఉన్నారు సార్. మళ్ళీ కొడితే మళ్ళీ పీకుతారు. ఇసుక లారీల రాజప్ప, 'నా బండ్లకు దారి లేకుండా చేస్తే పార్కు ఎట్ల నిలుస్తుందో చూస్తా' అని నా ముందరే అన్నాడు. పోయిన బుధవారం పొద్దున నడవడానికి పోతే ముత్తప్ప పునాది గుంతలో పడి ఉండాడు. ఇప్పుడు ఆ పక్కకే ఎవరూ రావడం లేదు."

"మీరు చూసినప్పుడు అతను ఎలా ఉన్నాడు?"

ప్రతిభ కళ్ళు మూసుకుని చెప్పింది. "వెల్లకిలా పడుకోని ఉండాడు. తల కింద టవలు మడిచి పెట్టి ఉండె. ముఖం తడిగా ఉండె. చొక్కా అంతా సారాయి వాసన. పక్కన ఖాళీ సీసా."

"సీసాకు మూత ఉందా?"

"బిగించి ఉండె సార్."

దేవేంద్ర లేచి చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు. అతను కేసు తీసుకున్నాడని రంజితకు అర్థమైంది.

*

పార్కులో మనుషుల్లేరు. కొత్తగా నాటిన వేపమొక్కలు నీళ్ళు లేక వాడిపోతున్నాయి. వేదిక కోసం మూడు పక్కలా గుంత తవ్వారు. ఏటి వైపు, కానుగచెట్టు ఉన్న మూల మాత్రం నేల కదల్లేదు. పీకేసిన గూటాలు ఆ చెట్టుకు కాస్త దూరంలో కట్టగా పేర్చి ఉన్నాయి.

"ఎప్పుడూ ఈ మూలవే పీకేవారా?"

"ఈ మూలవే" అంది ప్రతిభ. "మిగిలినవి ముట్టలేదు."

కానుగ మొదట్లో అరచేయంత గుండ్రటి రాయి ఉంది. ఎప్పుడో పూసిన పసుపు వెలిసిపోయి పగుళ్ళలో మిగిలింది. దేవేంద్ర దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. అతను అలా కూర్చున్నప్పుడు ఏమడిగినా వినపడదని రంజితకు తెలుసు.

ముత్తప్ప ఇల్లు దగ్గరే, రేకుల గది. భార్య నాగరత్నం వాకిట్లో ఒక్కతే కూర్చుని ఉంది.

"కడుపులో ఆపరేషన్ అయినప్పట్నించీ ఆయన తాగింది లేదప్పా" అంది ఆమె. "ఆ పొద్దు ఆయన కాడ దొరికినవి సంచిలో పెట్టి ఇచ్చినారు. చూస్తావా?"

సంచిలో బీడీకట్ట, చొక్కా జేబులో దొరికిన టార్చిలైటు, ఒక తెల్లటి టవలు. టవలు మూలలు ఆకుపచ్చ దారంతో కుట్టి ఉన్నాయి.

"ఇది మాది కాదు. ఇంత మందం టవలు మేము యాడ కొంటాము?"

"ఆ కానుగచెట్టు కింద రాయి ఎవరిదమ్మా?"

నాగరత్నం తల వంచుకుంది. "ఏటా మామిడికాయల కాలంలో ఆయన ఆడ పాలు పోసి వచ్చేవాడు. ఎవరికని అడిగితే, పేరు పెట్టకుండానే పోయిన బిడ్డ, నా చేతుల్తో పూడ్చినాను అనేవాడు. మా బిడ్డ కాదు. ఎవరిదో చెప్పలేదు. మాట ఇచ్చినానన్నాడు."

తిరిగి వస్తూ వాళ్ళు రాజప్పను అతని లారీ షెడ్డులో కలిశారు. అతను దాపరికం లేకుండా మాట్లాడాడు. "బెదిరించిన మాట నిజమేప్పా. అయితే నాకు పార్కే వద్దు. పీకాలనుకుంటే అన్ని గూటాలూ పీకి ఏట్లో పారేస్తా గాని, ఒక మూలవి పీకి పేర్చిపెడతానా?"

"పేర్చిపెట్టవు" అని ఒప్పుకున్నాడు దేవేంద్ర.

సాయంత్రం అశ్వత్థప్ప ఇంటికి వెళ్ళారు. డెబ్బై ఏళ్ళ మనిషి. భుజమ్మీద గంజి మడత విప్పని కొత్త టవలు. "ముత్తప్ప మా తోటలో పనిచేసినవాడు. పార్కుకు నేనే తెచ్చి పెట్టినాను" అన్నాడు.

ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ మజ్జిగ తెచ్చింది. చెంబు మీద కప్పిన గుడ్డ మూలలు ఆకుపచ్చ దారంతో కుట్టి ఉన్నాయి. గ్లాసు అందిస్తూ ఆమె మెల్లగా అడిగింది. "ఆ మూల తవ్వినారాప్పా?"

"లేదమ్మా, పని ఆగిపోయింది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. దారిలో దేవేంద్ర రంజితతో అన్నాడు. "మనిషి పోయిన చోటు గురించి అడుగుతూ, ఎలా పోయాడని ఆమె అడగలేదు. విన్నావా?"

*

ఆదివారం పొద్దున అందర్నీ పార్కుకు రమ్మన్నాడు. ప్రతిభ, రాజప్ప, నాగరత్నం, అశ్వత్థప్ప దంపతులు పాత సిమెంటు బల్లల మీద కూర్చున్నారు. దేవేంద్ర నిలబడి మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"తాగి పడినవాడు సీసాకు మూత బిగించడు. కాబట్టి సారాయి వేరేవాళ్ళు పోశారు. కాని పోసినవాళ్ళే అతని ముఖం నీళ్ళతో తుడిచారు, తల కింద టవలు పెట్టారు. పగవాడు ఆ పని చెయ్యడు. ఇది ఒకటి. ముత్తప్ప టార్చిలైటు జేబులో ఉంది. దొంగ కోసం చీకట్లో తిరిగే వాచ్‌మన్ చేతిలో దీపం ఉండాలి. వెలుతురు వద్దనుకున్నది ముత్తప్పే. గూటాలు పీకింది అతనే."

"ముత్తప్పా!" అంది ప్రతిభ. "మొక్కలకు నీళ్ళు మోసింది ఆయనే కదా సార్?"

"అవును. పార్కు మీద ప్రేమ ఉన్నవాడు గనకే పేర్చిపెట్టాడు. అతనికి ఆ ఒక్క మూల తవ్వకుండా ఉంటే చాలు. అక్కడ ఒక బిడ్డ ఉంది. ఆ సంగతి తెలియని ఇంకొకరు, గూటాలు పీకేది రాజప్ప మనుషులని నమ్మి, పట్టుకోవాలని తెల్లవారకముందే వచ్చి కాపు కాశారు." అతను ఆగి, ఆకుపచ్చ దారం కుట్టిన టవలు బల్ల మీద పెట్టాడు. "అశ్వత్థప్పగారూ, మిగిలింది మీరు చెబితే బాగుంటుంది."

అశ్వత్థప్ప ఆ టవలు వంక చూడలేదు. ఏటి వైపు చూస్తూ చెప్పాడు.

"వెనక నుంచి కట్టెతో ఒక్క దెబ్బ వేసినానప్పా. గుంతలో పడినాడు. కింద రాయి ఉండె. దిగి చూస్తే మా ముత్తప్ప. నీళ్ళు తెచ్చి ముఖం కడిగినాను, పిలిచినాను. లేచి పరుగెత్తి డాక్టరును పిలవాలనుకుంటా ఉండగానే ప్రాణం పోయింది. భయం పట్టుకునింది. కంపలో తాగుబోతులు పారేసిన సీసా కనబడినాది. ఇంత మిగిలి ఉండె. పోసినాను. టవలు మాత్రం తల కింద నుంచి లాగడానికి చెయ్యి రాలేదు." ఆయన దేవేంద్ర వైపు తిరిగాడు. "ఒకటి చెప్పప్పా. వాడు నా ఉప్పు తినినవాడు. అడిగితే ఆ మూల వదిలేసి ఉందును. ఎవరి బిడ్డ కోసం వాడు నాకు చెప్పకుండా ఈ పని చేసినాడు?"

ఆదిలక్ష్మమ్మ బల్ల మీద నుంచి లేచింది.

"మన బిడ్డ" అంది.

అశ్వత్థప్ప ఆమె వైపు తిరిగాడు.

"నాకు నొప్పులు వచ్చినప్పుడు నువ్వు లారీతో బొంబాయికి కాయలు తోలుకోని పోయి ఉంటివి. పురిట్లోనే పోయింది. ముత్తప్ప గుడ్డలో చుట్టుకోని పోయి ఈడ పెట్టినాడు. నువ్వు వచ్చి, ఇంక ఈ ఇంట్లో ఆ మాట ఎత్తొద్దంటివి. ఎత్తలేదు. మళ్ళీ కడుపు పండలేదు, అయినా ఎత్తలేదు. ఈ పార్కు పని పట్టినాక నీ ముఖంలో నవ్వు చూసినాను. ఆ రాళ్ళవేదిక నీ చేతుల్తో గీసుకోని వచ్చి చూపిస్తివి. దాని కింద బిడ్డ ఉందని ఎట్ల చెప్పేది? ఆ మూల తవ్వనీయొద్దని ముత్తప్పను నేనే అడుక్కున్నాను. నేను నోరు తెరిచి ఉంటే వాడు బతికి ఉండును."

"యాడ?" అన్నాడు అశ్వత్థప్ప.

ఆమె చేయి చాపి కానుగ మొదలు చూపించింది. మొదటి గూటం ఆయనే తన చేత్తో కొట్టిన చోటది. ఆయన అటు నాలుగడుగులు వేసి, మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి నాగరత్నం ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతులు జోడించబోయి, ఆ హక్కు తనకు లేదనుకున్నాడో ఏమో, కిందికి వేలాడేశాడు.

నాగరత్నం తలెత్తి చూసింది.

"పోయేముందర ఏమన్నా అడిగినాడా?"

"నీళ్ళడిగినాడమ్మా."

"ఇచ్చినావా?"

"దోసిట్లో తెచ్చి ఇచ్చినాను. రెండు గుక్కలు దిగినాది."

ఆమె చాలాసేపు ఏడ్చింది. తరవాత కొంగు సర్దుకుని, "ఆయన తాగి చచ్చినాడని ఊరంతా అనుకుంటా ఉండాది. పోయి నిజం చెప్పు. నేను ఇంకేమీ అడగను" అంది.

అశ్వత్థప్ప తలూపి గేటు వైపు నడిచాడు. దేవేంద్ర ఆయన పక్కనే స్టేషన్ దాకా వెళ్ళాడు. ఆ కేసు రిపోర్టు టైపు చెయ్యమంటే, జీవితంలో మొదటిసారి రంజిత రేపు చేస్తానంది.

*

మరుసటి ఏడాది పార్కు తెరిచారు. ప్రతిభ వేదికను అవతలి పక్కకు జరిపించింది. అశ్వత్థప్పకు శిక్ష పడింది, ఆయన అప్పీలు చేసుకోలేదు. తెరిచిన సాయంత్రం వీధులన్నీ కదిలి వచ్చాయి. షిఫ్టు దిగినవాళ్ళు యూనిఫారాలతోనే వచ్చి గడ్డిలో కూర్చున్నారు. రాజప్ప అరుస్తూ మంచినీళ్ళు పంచాడు. దీపం వెలిగించమని నాగరత్నాన్ని అడిగితే ఆమె వద్దని వెనక వరసలో కూర్చుంది. కాసేపటికి ఆదిలక్ష్మమ్మ వచ్చి, అడక్కుండానే ఆమె పక్కన కూర్చుంది. హరికథ ముగిసేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. జనం లేచాక, ముసలామెకు గట్టు దిగడం కష్టంగా ఉంటే నాగరత్నం చెయ్యి అందించింది. రోడ్డు మీద షేర్ ఆటో వచ్చేదాకా ఆ చెయ్యి విడవలేదు.