తాహిర్ మియా తబేలాలో లారీ

పత్తర్‌గట్టి వెనక సందులో ఒక పాడుబడ్డ దేవిడీ, అంటే నవాబుల బంగళా, ఉండేది. చెడ్డపేరు దేవిడీకి కాదు — దాని పెరట్లో ఉన్న తబేలాకి. గుర్రాలు పోయి ఏళ్ళు గడిచినా, రాత్రి నమాజు అయిపోయి సందు సద్దుమణిగాక అక్కడ ఒక కందిలి తిరుగుతుందని చెప్పుకునేవారు. ఆ గుర్రాలను సాకిన తాహిర్ మియా అందులోనే కన్నుమూశాడట. తర్వాత గుర్రాలను అమ్మేశారు. కానీ ఆ సంగతి ఆయనకు చెప్పిన పుణ్యాత్ముడు లేడు... అందుకే ఇంకా దాణా పెట్టడానికి వస్తూనే ఉన్నాడట.

ఇదంతా చెప్పేది సందు మొదట్లో పాన్‌డబ్బా గుండయ్య.

"దాణా సంచి భుజానేసుకొని వస్తడన్నా. నేనైతే సూడలే. సూసినోళ్ళు నాకు చెప్పనీకె రాలే," అనేవాడు, సున్నం రాస్తూ.

అలాంటి చోట లారీ పెట్టే ధైర్యం అబ్దుల్ వాహెద్ సేటుకే ఉంది. ధైర్యం అనకూడదేమో... ఇంకెవరూ అడగని నీడ ఊరికే దొరుకుతుంటే ఆయన వదులుకునే మనిషి కాదు. ఇక ఆ లారీ నడిపే దస్తగీర్‌ను ఎవరూ ఏమీ అడగలేదు.

లారీ ముసలిది. నూనె కారేది. దస్తగీర్ ఎక్కడున్నాడో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు, నయాపూల్ దగ్గర మొదలుపెట్టి నల్లచుక్కల వెంట పోతే చాలు. చివరికి ఒకరోజు లాడ్ బజార్‌లో గాజులు కొనడానికొచ్చిన పెళ్ళివారు ఆ నూనె మీద ఒకరి తర్వాత ఒకరు జారి, వియ్యపురాలితో సహా బోర్లాపడ్డారు. ఆ లొల్లి తెగేసరికి సేటు ఓపిక కూడా తెగిపోయింది.

ఒక తెల్లదుప్పటి తెచ్చి దస్తగీర్ చేతిలో పెట్టాడు.

"రిపేరు చేసుకో. అయినంక గిది బండి కింద పర్చు. పొద్దుగాల వచ్చి సూస్త. ఒక్క మరక కనబడ్డా, పాత ఇనుముల అమ్మేస్త. యుద్ధానికి ఇనుము మస్తు అడుగుతున్నరు."

ఆ స్టీరింగు ముందు కూర్చునుండగానే దస్తగీర్‌కు పెళ్ళయింది, తల నెరిసింది. లారీ ముక్కలైపోతే పొద్దున లేచి ఎక్కడికి పోవాలో కూడా అతనికి తెలియదు.

ఇంజను కింద నూనె నిలిచే ఇనుపతొట్టిని మెకానిక్కులు చాంబరు అంటారు. దానికీ ఇంజనుకూ నడుమ కార్కు అట్టతో కోసిన ప్యాకింగు ఉంటుంది. అది సరిగ్గా కూర్చోకపోతే నూనె ఆగదు. దస్తగీర్ ఎన్నోసార్లు మార్చాడు. ప్రతిసారీ మళ్ళీ కారింది. అయినా తన చేతి బలం మీద అతనికి మహా నమ్మకం. దస్తగీర్ బిగించిన బోల్టు విప్పాలంటే దస్తగీరే రావాలని చెప్పుకునేవాడు. ఆ రోజూ ఒక మూల నుంచి మొదలుపెట్టి, ఒక్కో బోల్టునూ పళ్ళు కరిచి బిగించుకుంటూ చుట్టూ వచ్చాడు. నూనె పోసేసరికి చీకటిపడింది.

చెవి పెట్టి విన్నాడు.

టప్... టప్...

లారీ కిందే తల నేలకానించి ఏడ్చాడు. సిగ్గుపడలేదు, అక్కడ చూసేవాళ్ళెవరున్నారు?

అప్పుడు తలుపు దగ్గర వెలుగు కదిలింది.

కందిలి... ఊగుతూ వస్తోంది. అడుగుల చప్పుడు. దగ్గరికి... ఇంకా దగ్గరికి — దబ్!

"హాయ్ అల్లా... నా నడుం..."

దస్తగీర్ చూపు నేల బారున వెళ్ళింది. రెండు పాదాలు. మడమలు ముందుకి, వేళ్ళు వెనక్కి. దువా చదవబోతే నోటికి ఒక్క ముక్కా రాలేదు.

"ఎవడ్రా గిది పారబోసింది?" గుసగుసగా అంది గొంతు. "ఇన్నేండ్ల సంది తిరుగుతున్న. ఒక్కనాడన్న జారిన్నా? నీ గొడ్డు, నీ జన్వర్ వచ్చినకాడి నుంచి దినాం పడుతున్న!"

"కారుతుంది చాచా... ఆగుతలేదు..."

గొంతు మెత్తబడింది. "దెబ్బ తగిలిందా దానికి?"

కందిలి కిందికి వంగింది. దాని వెనక తెల్లటి గడ్డం, భుజాన పాత తోలుసంచి. అంతకుమించి ఏమీ కనబడలేదు.

"పేరేంది?"

"దస్తగీర్."

"నీది ఎవడడిగిండు బేటా? దీనిది."

"లారీకి పేరుండదు చాచా."

"పేరు లేకుంటే మాటెట్ల ఇంటది? శబ్నమ్ అను. ఊఁ... విప్పు. మళ్ళ కట్టు. నేను సూస్త."

దయ్యం చెప్పాక విప్పకుండా ఎలా ఉంటాడు? నూనె ఇనుప తట్టలోకి దింపి చాంబరు ఊడదీశాడు. ప్యాకింగు ఒక పక్క అప్పడంలా నలిగిపోయింది, మరో పక్క కోసినది కోసినట్టే ఉంది. మిగిలిన అట్టలో ఇంకొకటి కోసి, తుడిచి, పెట్టాడు. మొదటి బోల్టు మీద పానా వేసి అలవాటుగా గుంజాడు.

చల్లని వేలొకటి చేతి మీద పడింది.

"జీను గిట్లనే కడ్తవా? ఒక్క పక్కనే గుంజితే జీను ఒరుగుతది, గుర్రం తంతది. ఇటు కొంచెం... అటు కొంచెం... ఎదురెదురు. అది ఊపిరి తీసుకునేదాక ఆగు."

"ఇది ఊపిరి తీస్కోదు చాచా."

"నువ్వు అడిగినవా?"

దస్తగీర్ వాదించలేదు. ఇటొకటి, దానికెదురుగా అటొకటి, కొంచెం కొంచెంగా తిప్పుతూ వచ్చాడు. మధ్యమధ్యలో తాహిర్ మియా మడ్‌గార్డు నిమిరి, "షాబాష్ శబ్నమ్... అయిపోయింది బిడ్డా," అంటూనే ఉన్నాడు. ఎప్పుడు పోయిందో గాని దస్తగీర్ భయం పోయింది. ఇన్నేళ్ళ చాకిరీలో తన పక్కన దీపం పట్టుకుని నిలబడిన మనిషి ఇతనొక్కడే. మనిషి కాదు, నిజమే... అయినా దస్తగీర్‌కు సంతోషమేసింది.

నూనె పోశాడు. దుప్పటి పరిచాడు. టప్ చప్పుడు కోసం వింటూ వింటూ సీటు మీదే నిద్రపోయాడు.

తెల్లవారగానే సేటు వచ్చాడు. వెనకే గుండయ్యా వచ్చాడు, గుమ్మం దాకా మాత్రమే. సేటు గొంతుక్కూర్చుని దుప్పటి లాగాడు. తెల్లగా ఉంది. తిరగేశాడు. వాసన కూడా చూశాడు. దస్తగీర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సేటు లేచి బండి ముందుకు నడిచి, టక్కున ఆగిపోయాడు.

"దస్తగీర్... గిదేంది?"

రేడియేటరుకు తోలుసంచి కట్టి ఉంది. గుర్రం మూతికి కట్టే దాణా సంచి. లోపల నానబెట్టిన ఉలవలు.

"నువ్వు కట్టినవా?"

"లేదు సాబ్."

"గుండయ్యా?"

"నేను గడపనే తొక్కలే సాబ్!"

సేటు సంచిలోకి తొంగిచూశాడు. సగం ఖాళీ. రేడియేటరు జాలీకి ఉలవపొట్టు అంటుకుని ఉంది... నమిలిన పొట్టు... ఇంకా తడిగా.

సేటు దుప్పటి మడిచి చంకలో పెట్టుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేసి, బండికి వినబడకూడదన్నట్టు గొంతు బాగా తగ్గించాడు.

"దీన్ని అమ్మను తియ్... గని, పొద్దుగూకేసరికి ఇంకో శేరు ఉలవలు నానబెట్టు."