జ్ఞానయ్య స్క్రూడ్రైవరు

"ఏమండీ, కాఫీ!" అని ఎస్తేరు వంటింట్లోంచి మూడోసారి కేకేసింది. వసారాలో కూర్చుని టేబులు ఫ్యాను మోటారుకి రాగితీగ చుడుతున్న జ్ఞానయ్య తలైనా ఎత్తలేదు. వినపడితే కదా ఎత్తడానికి! ఆవిడే కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, గ్లాసు ఆయన మోకాలికి తగిలించింది. "ఆఁ, వస్తున్నా, వస్తున్నా," అన్నాడాయన, మొదటి కేకే విన్నవాడిలా.

మొగుడూ పెళ్ళాల మధ్య ఈ నాటకం ఏడాదిన్నరగా నడుస్తోంది. అవనిగడ్డ సెంటర్లో ఆయన కొట్టు 'షీబా మోటార్ వైండింగ్' అంటే దివిసీమలో ఎరగని రైతు లేడు. ముప్ఫై ఏళ్ళుగా రైసుమిల్లుల్లోనూ, రొయ్యల చెరువుల గట్ల మీదా మోటార్ల హోరులోనే బతికాడు జ్ఞానయ్య. ఆయన పేరంతా ఒక్క స్క్రూడ్రైవరులో ఉంది. తిరుగుతున్న మోటారుకి దాని మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. "లోపల బేరింగు ఏడుస్తోందండీ, రేపటికి పట్టేసి ఆగిపోతుంది," అనేవాడు. విప్పి చూస్తే అంతే!

ఆ చెవికి చివరికి ఆ హోరే చేటు తెచ్చింది. ముందు పిచ్చుకల కూతలు పోయాయి, తర్వాత ఫోను మోత, ఆ తర్వాత పెళ్ళాం కేక. నిరుడు క్రిస్మస్ ఆరాధనలో కళ్ళు మూసుకుని గొంతెత్తి కీర్తన పాడుతూ, ఎందుకో కళ్ళు తెరిచి చూస్తే, పాట ఎప్పుడో అయిపోయింది. అందరూ ఆమెన్ అనేసి కూర్చున్నారు. ముందు వరసలో పిల్లలు నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఆ రోజు నుంచి ఆయన పాట మానేశాడు. ఊరికే పెదాలు ఆడిస్తాడు.

డాక్టరు చెవికి మిషను పెట్టుకోమన్నాడు. "చెవిలో మిషను పెట్టుకున్నవాణ్ణి మోటారు వినడానికి ఎవడు పిలుస్తాడే?" అని ఆ చీటీ అటకెక్కించేశాడు. అయితే అసలు భయం అది కాదు. అసలు భయం కూతురు షీబా.

షీబా బందరు యూనివర్సిటీలో ఎలక్ట్రో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతోంది. "కరెంటు లోపలికెళ్ళి కదలికై బయటికొచ్చే ప్రతిదీ మా చదువే నాన్నా," అని ఆ పిల్ల చెప్తే, "అంటే మన కొట్టేగా తల్లీ!" అని మురిసిపోయాడు. కానీ ఆ పిల్ల సంగతి ఆయనకి తెలుసు. తొమ్మిదో క్లాసులో ఉండగా మిల్లు బెల్టులో పడి తండ్రి చెయ్యి విరిగితే, నెల్లాళ్ళు బడి మానేసి కొట్లో కూర్చుంది. ఎంత బతిమాలినా కదల్లేదు. ఇప్పుడు నాన్నకి చెవులు పోయాయని తెలిస్తే, రేపటి బస్సుకే పెట్టె సర్దుకుని వచ్చేస్తుంది. చదువు అయిపోవడానికి ఇంక పది నెలలే ఉంది. అది అయ్యేదాకా గుట్టు దాచమని ఎస్తేరు దగ్గర ఎప్పుడో మాట తీసుకున్నాడు.

ముందురోజే షీబా ఇంటికి వచ్చింది. మూడో సంవత్సరం ఒక్క సబ్జెక్టూ పోకుండా గట్టెక్కింది గనక, ఆ సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూడిక. ప్రార్థన, పాటలు, దేవుడు చేసిన మేలు గురించి పిల్ల చెప్పే సాక్ష్యం, అందరికీ పులావు.

ఇంతలో జ్ఞానయ్య జేబులో ఫోను వెలిగింది. ఆయన చూసి అలవాటు ప్రకారం, "సిగ్నలు సరిగ్గా లేదు, నువ్వు మాట్లాడవే," అని ఎస్తేరుకి చాచాడు. షీబా మధ్యలో అందుకుంది.

"నాన్నా, కోడూరు నుంచి భుజంగరావు బాబాయి గారు. చెరువులో గాలికొట్టే ఏరియేటరు మోటారు తేడాగా మోగుతోందట. పద, నేనూ వస్తాను. నా ప్రాజెక్టు పెట్టె పని చేస్తుందో లేదో చూసుకోవాలి."

"నువ్వెందుకమ్మా ఎండలో! అమ్మకి సాయం చెయ్యి."

ఆ మాట పూర్తయ్యేసరికే ఆ పిల్ల బండి వెనక కూర్చుని ఉంది.

చెరువు గట్టు మీద భుజంగరావు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. మోటారు గట్టు దగ్గరికి లాగించి పెట్టాడు. జ్ఞానయ్య స్క్రూడ్రైవరు తీశాడు. అరచెయ్యి ఆనించి చూసినా ఆయనకి ఎంతో కొంత తెలిసేదే. కానీ రైతు చూస్తున్నాడు, కూతురు చూస్తోంది. పేరు తెచ్చిన విద్యే చూపించాలనిపించింది. పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చెవిలో ఎప్పుడూ ఉండే హోరు తప్ప ఏమీ లేదు.

"బాగానే ఉందండీ. గేరుపెట్టెలో కాస్త ఆయిలు తగ్గింది, పోస్తే సరి."

షీబా అగ్గిపెట్టంత పెట్టె ఒకటి మోటారుకి అంటించి, ఫోనులో మోటారు అదురు గీతలు చూస్తోంది. ఆ గీతలు తుమ్మముళ్ళలా పైకి లేచాయి.

"నాన్నా, దీన్ని ఆపించు. వెనక బేరింగు అయిపోయింది."

ఆ మాట పెదాల మీద చదివాడు జ్ఞానయ్య. "నువ్వూరుకో," అన్నాడు.

"ఈ రాత్రి ఇది పట్టేసిందంటే రొయ్యలు ఊపిరాడక తేలిపోతాయి నాన్నా!"

"ఏవయ్యా జ్ఞానయ్యా," అని భుజంగరావు నవ్వాడు, "గురువు మాట వినాలా, శిష్యురాలి మాట వినాలా?"

ఆ నవ్వుతో జ్ఞానయ్యకి ఒళ్ళు మండిపోయింది. "నాలుగు పుస్తకాలు చదివేసరికి నాకే పాఠాలు చెప్పేదానివయ్యావా? నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్నానీ పని! పెట్టె తీసుకుని బండెక్కు!"

పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లని నలుగురిలో ఒక్క మాట అనని మనిషి. షీబా కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. పెట్టె తీసుకుని బండెక్కింది.

వంటింట్లో ఎస్తేరు పులావుకి ఉల్లిపాయలు తరుగుతోంది. షీబా గుమ్మంలోనే నిలబడి అడిగేసింది.

"అమ్మా, నాన్నకి వినపడదని నీకు తెలుసు కదూ?"

కత్తిపీట మీద ఎస్తేరు చెయ్యి ఆగిపోయింది. జ్ఞానయ్య గయ్యిమన్నాడు. "నాకేం రోగం! గుండ్రాయిలా ఉన్నాను!"

షీబా గోడవైపు తిరిగి ఏదో అంది. మళ్ళీ ఇటు తిరిగింది.

"ఇప్పుడు నేనేమన్నాను నాన్నా?"

జ్ఞానయ్య పెళ్ళాం మొహం కేసి చూశాడు. ఆవిడ కళ్ళు కారిపోతున్నాయి. ఉల్లిపాయల వల్ల మాత్రం కాదు.

"ఏవందే?" అన్నాడు గొంతు తగ్గించి.

ఎస్తేరు ఆయన దగ్గరికొచ్చి, మొహంలో మొహం పెట్టి చెప్పింది. "'ఏ కష్టమొచ్చినా ముందు నాకే చెప్తానన్నావు కదా నాన్నా' అందండీ."

మనిషి నీలుగుడంతా ఒక్కసారిగా దిగిపోయింది. గుమ్మంలోనే చతికిలబడ్డాడు. షీబా ఎదురుగా కూర్చుని, ఆయనకి అందేలా నెమ్మదిగా మాట్లాడింది.

"ఈస్టరుకి వచ్చినప్పుడే తెలిసింది నాన్నా. గుళ్ళో నీ గొంతు వినపడలేదు. చూస్తే ఉత్తి పెదాలు ఆడిస్తున్నావు."

"చెప్తే నువ్వు చదువు మానేసి వచ్చేస్తావని భయపడ్డాను తల్లీ."

"మానేద్దామనే అనుకున్నాను. కాలేజీకి తిరిగి వెళ్ళగానే ఉత్తరం రాసుకుని మా సారు దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి, మీ నాన్న మోటారు ఎలా వింటారో చెప్పమ్మా అన్నారు. స్క్రూడ్రైవరు సంగతి చెప్పాను. అయితే అదే నీ ప్రాజెక్టు అని ఉత్తరం నా చేతికే ఇచ్చేశారు." పెట్టె తీసి ఆయన చేతిలో పెట్టింది. "నేనొచ్చి కొట్లో కూర్చుంటే నీకు ఇంకో రెండు చేతులొస్తాయి. చేతులు నీకున్నాయి నాన్నా. నీకు కావలసింది చెవి. అది చదివితేనే చెయ్యగలను."

జ్ఞానయ్య ఆ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దులుపుకుని లేచాడు.

"స్పానర్ల సంచీ తే అమ్మడూ."

"ఇప్పుడెక్కడికండీ? సాయంత్రం పాస్టరు గారు వస్తారు!" అని ఎస్తేరు గోల పెట్టింది.

"పాస్టరు గారు ఆగుతారే, రొయ్యలు ఆగవు."

తండ్రీ కూతుళ్ళు వెళ్ళేసరికి భుజంగరావు గట్టు మీదే భోజనం చేస్తున్నాడు. జ్ఞానయ్య మోటారు ఆపి విప్పాడు. వెనక బేరింగు బయటికి లాగి వేళ్ళతో తిప్పాడు. గరగరమంది, అది ఆయన వేళ్ళకి తెలిసింది. లోపల గుండ్లు నల్లగా మాడి, పెచ్చులు లేచిపోయి ఉన్నాయి. రాత్రి దాటేది కాదు.

కొత్త బేరింగు కొట్టి, మోటారు బిగించి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ భుజంగరావు ముందు నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళ పేరు, ఒక్క మాటతో పోతుంది. పోతే పోనీ అనుకున్నాడు.

"భుజంగరావు గారూ, పొద్దున నేను చెప్పింది తప్పండి. మా అమ్మాయిదే నిజం. నాకు... నాకు చెవులు వినపడటం లేదండి. ఏడాదిన్నరగా దాస్తున్నాను. ఇక మీ ఇష్టం."

భుజంగరావు ముద్ద దిగమింగి, గ్లాసెడు మంచినీళ్ళు తాగి, చెరువంతా వినపడేలా అరిచాడు. "ఓరి పిచ్చి జ్ఞానయ్యా! తెలియకపోవడానికి మేం చెవిటివాళ్ళమా? ఎస్తేరమ్మ దగ్గర లేనప్పుడు నీతో ఫోన్లో అరిచే అరుపులకి మా ఆవిడ 'ఎవరితోనండీ పోట్లాట?' అని పరిగెత్తుకొస్తోంది!"

"మరి నన్నే ఎందుకు పిలుస్తున్నారండీ?"

"నువ్వు బిగించిన మోటారు మళ్ళీ రెండేళ్ళు నన్ను పిలవదు గనక! నువ్వు దాచుకుంటున్నావని మేమూ దాచుకున్నాం. దివిసీమంతా దాచింది, పో!"

జ్ఞానయ్యకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తన గుట్టు తానే కాస్తున్నాననుకున్నాడు ఇన్నాళ్ళూ. ఊరు ఊరంతా తనని కాపాడుకుంటూ వచ్చిందన్నమాట! ఈ రుణం ఎలా తీరుతుంది? కూతురు భుజం పట్టుకుని గట్టు దిగాడు.

పొద్దు వాలుతుండగా వసారా నిండిపోయింది. పాస్టరు జేమ్స్ గారు ప్రార్థన చేసి, "షీబమ్మ సాక్ష్యం చెప్తుంది," అన్నారు. ఆ పిల్ల లేవబోతుంటే జ్ఞానయ్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తాను లేచాడు. సభల్లో మాట్లాడే మనిషి కాదు.

"అందరికీ వందనాలండి. నాకు చెవులు వినపడవు. ఈ మాట మీ అందరికీ తెలుసంట, నాకే తెలియదు." అందరూ గొల్లున నవ్వారు. ఆయనా నవ్వాడు. "పిల్ల చదువు పాడవుతుందని దాచాను. తీరా చూస్తే అది నాకోసమే చదువుతోంది. నా దగ్గర ఒక చెవి తీసుకుని, ప్రభువు నాకు కూతురి రూపంలో ఇంకో చెవి ఇచ్చాడు. నా భార్య ఏడాదిన్నరగా ప్రతి కేకా మూడేసి సార్లు వేసింది, ఒక్కనాడు విసుక్కోలేదు. మీరంతా నాకు పని ఇచ్చారు. నాకు చేతనైనదల్లా దండం పెట్టడమేనండి." చేతులు జోడించి అలాగే నిలబడిపోయాడు. ఎస్తేరు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

పాస్టరు గారు కీర్తన ఎత్తుకున్నారు. షీబా తండ్రి పక్కన కూర్చుని, ఆయన అరచేతి మీద వేలితో తాళం వేసింది. మొదటి చరణం పెదాలతోనే నడిచింది. రెండో చరణానికి జ్ఞానయ్య కళ్ళు మూసుకుని గొంతు విప్పాడు. ఎన్నాళ్ళకో విప్పిన గొంతు, బొంగురుగా, గట్టిగా వచ్చింది. పాట ఎంతో ఇష్టంగా సాగదీస్తున్నాడేమో, షీబా వేలు ఎంత తొందర పెట్టినా లెక్కచెయ్యలేదు.

అందరి పాటా అయిపోయింది. జ్ఞానయ్య ఇంకా ఆఖరి చరణం మధ్యలో ఉన్నాడు. పిల్లలు నవ్వలేదు. జేమ్స్ గారు పుస్తకం మూయలేదు. ఆయన చివరి మాట దాకా పాడి, ఊపిరి పీల్చుకుని, కళ్ళు తెరిచాడు. వసారా అంతా ఆయన మొహం కేసే చూస్తోంది.

అప్పుడు అందరూ కలిసి ఆమెన్ అన్నారు.