తొమ్మిదో కట్టు

ఇల్లు పోయిందని ఏడ్చుకుంటూ వచ్చే క్లయింట్లను రత్నాలు చాలామందినే చూసింది. అన్నదమ్ముల తగాదాల్లో పోగొట్టుకున్నవాళ్లు, దొంగ దస్తావేజులకు పోగొట్టుకున్నవాళ్లు. ఇల్లు ఎగిరిపోయిందని వచ్చినవాడు మాత్రం ఆ గురువారం ఉదయం విజయనగరంలో వాళ్ల డిటెక్టివ్ ఆఫీసు మేడమెట్లెక్కిన కాంట్రాక్టరు సర్వేశ్వరరావు ఒక్కడే.

"ఎగిరిపోవడం అంటే?" అంది రత్నాలు, రాస్తున్న పెన్సిలు ఆపి.

"ఎగిరిపోవడమేనమ్మా. నేల మీంచి లేచి, అరవై గజాలు పోయి, వలిసె చేలో కూలబడింది. నిన్న బుధవారం, మధ్యాహ్నం మూడింటికి. ఊరంతా చూశారు."

డిటెక్టివ్ వరహాలరావు నోట్లోని చేగోడీ నమలడం ఆపాడు. ఆయన చేగోడీ నమలడం ఆపితే కేసు ఒప్పుకున్నట్టే. ఆరేళ్లుగా ఆయన దగ్గర అసిస్టెంటుగా ఉన్న రత్నాలుకు ఆ సంగతి తెలుసు. ఎదటపడి ఒప్పుకోదు గానీ, ఆయన బుర్రంటే ఆమెకు ఎనలేని గురి.

అది డెబ్భై ఆరో సంవత్సరం, అక్టోబరు నెలాఖరు. సర్వేశ్వరరావు చెప్పుకొచ్చిన కథ ఇది. రైల్వే లైను వేసే రోజుల్లో క్యాంపుల్లో వాడిన ఫ్యాక్టరీ ఇళ్లు ఏడు అతని చేతికొచ్చాయి. రేకు గోడలు, చెక్క నేల. ముక్కలుగా లారీలో వస్తాయి, ఒక్కరోజులో నిలబడతాయి. ఏజెన్సీలో వాటిని కాన్పుల గదులుగా పెట్టాలని ఏర్పాటయింది. మొదటిది అరకు దగ్గర తోటగుడలో నిలబెట్టారు. మిగతా ఆరూ జి.మాడుగులకీ, గూడెం కొత్తవీధికీ, అడ్డతీగలకీ పోవాలి. ఆదివారం పెద్ద ఆఫీసరు వచ్చి రిబ్బను కత్తిరించేదాకా లోపల ఎవరూ అడుగుపెట్టకూడదని గట్టి ఉత్తర్వు.

"రాతి దిమ్మల మీద కూర్చునే ఇల్లండీ అది. గాలి దాన్ని పక్కకి తొయ్యడం కాదు, కింద దూరి పైకి లేపుతుంది. అందుకే ఎనిమిది చోట్ల ఇనప పట్టీలు దింపి, నేలలో నాలుగడుగులు దిగిన మరమేకులకి నట్లతో బిగించాను. ఆ ఎనిమిదీ ఎవడో విప్పేశాడు."

ఎవడో కాదు, కాపలావాడు భీమన్నే అని అతని నమ్మకం. స్పానరు ఉండేది వాడి దగ్గరే. ఇల్లు కట్టిన రోజున "ఇంటికి పలుపేటి బాబూ, ఆవా ఏటి?" అని నవ్వాడట. ఇప్పుడేమడిగినా నోరు విప్పడం లేదు. శుక్రవారం నాలుగింటికి పోలీసు జీపు వస్తుంది, వాణ్ణి తీసుకుపోతుంది. ఈలోగా విప్పింది వాడేనని రుజువు చేసి పెట్టాలి. లేకపోతే తన మేకులే పనికిరానివని అందరూ అంటారు, ఆరిళ్లూ షెడ్డులోనే తుప్పు పడతాయి.

మర్నాడు కొత్తవలసలో కిరండోలు పాసింజరు పట్టుకుని, సొరంగాలన్నీ దాటి, పదకొండు దాటాక తోటగుడ చేరారు. లోయ నిండా వలిసె పూలు పచ్చగా విరగబూశాయి. ఆ పసుపు మధ్యలో రేకు ఇల్లు కాస్త పక్కకి ఒరిగి, తలుపు కొండవైపు తిప్పుకుని నింపాదిగా కూర్చుంది. కేసు సంగతి మరిచి రత్నాలు పకపకా నవ్వేసింది. సర్వేశ్వరరావు మొహం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వరహాలరావు ముందు మేకుల దగ్గరికి వెళ్లాడు. నలుగురు మనుషుల్ని పిలిచి ఒక్కో మేకునీ పీకమన్నాడు. ఒక్కటీ బెసకలేదు. సోమవారం ఇంతకన్నా పెద్ద గాలి వీచిందనీ, ఊళ్లో రెండు ఇళ్ల కప్పులు లేచిపోయినా ఈ ఇల్లు కదల్లేదనీ ఆ నలుగురూ చెప్పారు. సర్వేశ్వరరావుకు సగం ప్రాణం లేచొచ్చింది.

ప్రతి మేకు పక్కనా ఒక అడ్డాకు, ఆకు మీద నట్టు, నట్టు కదలకుండా మీద ఒక రాయి. ఎనిమిది చోట్లా అంతే. వరహాలరావు ఒక నట్టు తీసి వాసన చూసి రత్నాలుకు ఇచ్చాడు. నల్లటి గ్రీజు మీద పలచగా ఏదో నూనె. పిల్లలకు తలంటే రోజు గుర్తొచ్చింది ఆమెకు. ఆముదం.

చేలోని రేకు ఇంట్లోకి వెళ్లి చూస్తే ఏమీ పోలేదు. కిటికీ తెరల తాళ్లు విప్పి ఉన్నాయి. గడియారం పెట్టెకు కట్టిన పురికొస విప్పి ఉంది. మందుల పెట్టె తాళం తీసి, చెవి దానికే వదిలేశారు. ఆదివారం కోసం గుమ్మానికి కట్టిన రిబ్బను కూడా ముడి విప్పి, చక్కగా చుట్టి, గూట్లో పెట్టి ఉంది. నర్సు అప్పలనర్సమ్మ పార్వతీపురం మనిషి, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బుధవారం ఎవరూ లోపలికి రాలేదంది. అంటున్నప్పుడు ఆమె కళ్లు నేల మీంచి లేవలేదు.

భీమన్న ఇంటి దారిలో అతని మేకలు మూడు పక్కవాళ్ల చిక్కుడు పాదు మేస్తున్నాయి. మెడల్లో తాళ్లు లేవు. ఎప్పుడూ ముడేసుకునే జుట్టు విరబోసుకుని భీమన్న అరుగు మీద కూర్చున్నాడు. జైలుకు పోబోయే మనిషికి అంత సంతోషం ఉండకూడదు. ఎంత అణుచుకున్నా పెదాల మీదికి నవ్వు తన్నుకొస్తోంది. వానకి తడిసి ఇంకా చుక్కలు కారుతున్న కప్పు కింద, గడపలో వాళ్లమ్మ యర్రమ్మ చేతులడ్డం పెట్టింది.

"మెల్లగా మాటాడండి బాబూ. బుధు తొంగున్నాడు."

"ఎవరు బుధు?"

"నా మనవడు," అని లోపలికి పోయింది. ఆవిడ పోయినచోట పసుపు వాసన, ఆముదం వాసన.

తిరిగి వస్తూ వరహాలరావు ఉన్నట్టుండి ఒక పిచ్చి ప్రశ్న వేశాడు. "అమ్మా రత్నాలూ, మీ పెద్దాడు పుట్టినప్పుడు మీ అత్తగారు నీ జడ ఏం చేసింది?"

"విప్పేసింది గురువుగారూ. బీరువాలు కూడా తెరిచి పెట్టింది. ఎందుకు?"

ఆయన జవాబు చెప్పకుండా చేగోడీ తీశాడు. రత్నాలు పది అడుగులు నడిచింది, పదకొండో అడుగు వేయలేక నిలబడిపోయింది. అన్నీ తన కళ్ల ముందే ఉన్నాయి, ఇద్దరు పిల్లల్ని కన్న తనకు తట్టలేదు, బ్రహ్మచారి అయిన ఆయనకు తట్టింది. సిగ్గూ గర్వమూ రెండూ ఒక్కసారే కలిగాయి.

నాలుగింటికి జీపు వచ్చింది. వలిసె చేను గట్టు మీద అందరినీ కూర్చోబెట్టాడు వరహాలరావు. హెడ్డు కానిస్టేబులు జీపుకు ఆనుకుని నిలబడ్డాడు.

"కట్లు విప్పింది భీమన్నే," అన్నాడు ముందుగా. సర్వేశ్వరరావు తొడ చరుచుకోబోయాడు. "కానీ పగతో విప్పినవాడు నట్లను ఆకుల్లో దాచిపెట్టడు, విసిరేస్తాడు. మళ్లీ బిగించాలనుకున్నవాడే దాచిపెడతాడు. దొంగ రిబ్బను ముడి విప్పడు, మేకల తాళ్లు విప్పడు, తన జుట్టు విరబోసుకోడు. ఈ ఊళ్లో బుధవారం నాడు ముడి అన్నది ఎక్కడుంటే అక్కడ విప్పేశారు. ఎందుకు విప్పుతారో మీ అమ్మల్ని అడగండి. తల్లి నొప్పులు పడుతుంటే ఇంట్లో ముడి ఉండకూడదు. తాళం వేసి ఉండకూడదు. ముడి విడితే బిడ్డకు దారి దొరుకుతుందని నమ్మకం."

వరహాలరావు చేలో ఒరిగి ఉన్న ఇంటివైపు చెయ్యి చాపాడు.

"ఇక్కడ బుధవారం పుట్టినవాణ్ణి బుధు అంటారు. ఇల్లు ఎగిరింది బుధవారం. మంగళ, బుధవారాల వానకి భీమన్న గుడిసె ఇంకా కారుతోంది, నేను చూశాను. భీమన్న భార్య కాన్పు ఆ గుడిసెలో కాలేదు, పొడిగా ఉన్న ఈ ఇంట్లో అయింది. ఉత్తర్వు దాటి తలుపు తీసింది నర్సమ్మ. ఆవిడ ఉద్యోగం పోతుందని భీమన్న నోరు కుట్టేసుకున్నాడు."

అప్పలనర్సమ్మ లేచి నిలబడింది.

"నేనే తీశానండి. పొద్దున్నించి మజ్జానం దాకా బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నీళ్లు కారే గుడిసెలో తల్లినెలా వదిలీను? తీసినందుకు నాకు విచారం లేదు."

భీమన్న కూడా లేచాడు. "లోపల ముడులన్నీ ఇప్పీసినాం బాబూ. అయినా రానేదు. అప్పుడు మాయమ్మ, ఈ ఇంటికి బయట ఎనిమిది కట్లున్నాయి కదరా అంది. నట్లు బిగుసుకుపోనాయి, ఆవదం పోసి తిప్పినాను. ఎనిమిదోది ఊడింది, గుంటడు కేరుమన్నాడు. ఆ సంబరంలో మళ్లీ బిగించడం మరిసిపోనాను. తల్లినీ బిడ్డనీ ఎవరూ సూడకుండా డోలీలో ఇంటికి సేర్చీసరికి గాలొచ్చీసింది. తప్పు నాదే."

బిడ్డ బయటపడింది ఎనిమిదో నట్టు వల్ల కాదు, తను బిడ్డను సర్ది తిప్పడం వల్ల అని నర్సు. తిప్పితే తిప్పావు గానీ దారిచ్చింది కట్టే అని యర్రమ్మ. ఆ తగువు తీర్చడం తన వృత్తిలోకి రాదని వరహాలరావు ముందే చెప్పేశాడు.

"అయితే కానిస్టేబులు గారూ, కట్లు విప్పించిన అసలు ముద్దాయి వీళ్లెవరూ కాదు. రత్నాలూ, తీసుకురామ్మా."

రత్నాలు గుడిసెలోంచి పాత చీర మడతలో చుట్టిన బుధును తెచ్చి సర్వేశ్వరరావు చేతుల్లో పెట్టింది. రెండురోజుల ముద్దాయి ఒక కన్ను తెరిచి కాంట్రాక్టరును చూసి, ఆవులించి, మళ్లీ మూసుకున్నాడు. సర్వేశ్వరరావు బిడ్డ జారిపోతాడేమోనని చేతులు బిగబట్టాడు. బిడ్డ తల కింద చెయ్యి ఎలా పెట్టాలో యర్రమ్మ సర్ది చూపించింది.

"నా ఇంట్లో పుట్టాడు," అన్నాడు చివరికి, తనలో తను అనుకున్నట్టు. ఫిర్యాదు లేదన్నాడు. తలుపు తీయమన్నది తానేనని ఆఫీసరుకు రాసిస్తానన్నాడు. జీపు ఖాళీగా వెనక్కి పోయింది.

శనివారం పొద్దున్నే ఊరంతా కదిలింది. ఇంటి కింద వెదురు బొంగులు దూర్చి, నలభైమంది భుజం పట్టి, డప్పులతో, ధింసా నాట్యం అడుగులతో ఇంటిని ఊరేగింపుగా వెనక్కి తెచ్చి దిమ్మల మీద కూర్చోబెట్టారు. భీమన్న ఎనిమిది నట్లూ ఒళ్లు దగ్గర పెట్టుకుని బిగించాడు.

కానీ యర్రమ్మ ఒప్పుకోలేదు. "కట్లున్న ఇంట్లో మా ఆడోళ్లు కనరు," అంది తెగేసి. కట్లు తీస్తే ఇల్లు నిలవదని సర్వేశ్వరరావు తల పట్టుకున్నాడు. మిగతా ఆరిళ్లూ అతని కళ్ల ముందు కదిలాయి. ఈసారి చిక్కుముడి విప్పింది రత్నాలు. గుమ్మానికి అడ్డంగా ఉత్త తాడుతో ఇంకొక కట్టు కట్టమంది. దాని మీద ఏ బరువూ ఉండదు. కాన్పు వచ్చినప్పుడల్లా యర్రమ్మ అది విప్పుకోవచ్చు.

"ఇంటిని పట్టుకునే కట్లు ఎనిమిదే గదా అవ్వా. ఇది బిడ్డ కోసమే. నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోరు."

యర్రమ్మ గుమ్మం వెడల్పు చేత్తో కొలిచి చూసుకుంది. తాడు ఎలాంటిదని అడిగింది. అడవిలో దొరికే అడ్డతీగ నారయితే సరేనంది. వరహాలరావు జేబులోంచి చేగోడీల పొట్లం మొత్తం తీసి రత్నాలు చేతిలో పెట్టాడు. ఆరేళ్లలో ఆయన అలా పొట్లం ఇచ్చేయడం అదే మొదలు.

ఆదివారం ఆఫీసరు కత్తెర పట్టుకుని వచ్చేసరికి గుమ్మానికి రిబ్బను లేదు, నార తాడు ఉంది. సంగతంతా విని ఆయన నవ్వి, కత్తెర పక్కన పెట్టి యర్రమ్మకు దారిచ్చాడు. ఆవిడ ముడి మీద చెయ్యి వేసి, గుంపులో ఒక నిండు చూలాలు నిలబడ్డ వైపు చూసి ఆగిపోయింది.

"ఉత్తినే ఇప్పకూడదు బాబూ," అంది. "ఈ కట్టు ఆ పిల్ల పేరునుంది."

ముడి అలాగే ఉంది. ఆఫీసరు తాడు కింద నుంచి తలొంచుకుని లోపలికి వెళ్లాడు.