అడ్డాకులో మందు

డాక్టర్ సర్వేశ్వరరావు మూడు సంగతులు ఎవరితోనూ ముచ్చటించడు. ఆ మందు పేరు. దాన్ని పంపిన కంపెనీ పేరు. ఏడో మంచం నివేదికలో, చివరి గడిలో, తన చేత్తో రాసిన ఒక్క మాట. తక్కినది చెప్పుకోవచ్చు.

అరకు లోయకు ఎగువన, కాఫీ తోటల మధ్య, ఎనిమిది మంచాల ఛాతీ ఆసుపత్రి ఒకటి ఉండేది. 2001 శీతాకాలంలో అక్కడికి అట్టపెట్టెల్లో కొత్త మందు వచ్చింది. క్షయ నయమైనా ఊపిరితిత్తిలో గుల్ల మిగిలిపోతుంది. కొందరికి ఆ గుల్లలో, నిలవ రొట్టెకు పట్టినట్టు, బూజు పడుతుంది. ఆ బూజుకే ఈ మందు. రోగం తగ్గుతుందా లేదా అన్నది తర్వాతి మాట. మనిషి ఎంతవరకు తట్టుకోగలడో ముందు తేల్చాలి. మొదటి వారం రోజుకు రెండు మాత్రలు. రక్తపరీక్ష బాగుంటే రెండో వారం నాలుగు. అదీ బాగుంటే మూడో వారం ఆరు.

అక్కడి డాక్టరు సర్వేశ్వరరావు రోగులకు సమ్మతి కాగితం చదివి, అర్థం చెప్పి, వేలిముద్రలు వేయించుకున్నాడు. ఒక్క వాక్యం కూడా దాటవేయలేదు. ఏడో మంచం చిన్నమ్మి అంతా విని ఒకటే అడిగింది.

"కొత్తదేనా బాబూ? ఇంతకుముందు మా కొండల్లో ఎవులూ తిన్లేదా?"

"ఎవరూ తినలేదు. అది తెలిసే వేలిముద్ర వెయ్యి."

ఆమె వేసింది.

మొదటి మూడు రోజులు మామూలుగానే గడిచాయి. నాలుగో రోజు ఉదయం ఆయన ఆమె వీపు మీద స్టెతస్కోపు ఆనించాడు. ఊపిరి వినిపించింది, గుల్ల ఉన్నచోట ఖాళీ కుండలోకి ఊదినట్టు. దాని వెనుక... ఒక దగ్గు. మగమనిషి దగ్గు. తడిగా, లోతుగా. చిన్నమ్మి నోరు మూసుకునే ఉంది. ఆయన గొట్టం చెవుల్లోంచి తీశాడు. గది నిశ్శబ్దంగా ఉంది. పక్కనున్న ఎనిమిదో మంచం ఖాళీ.

చెవులకు వయసొచ్చిందనుకున్నాడు. ఎవరితోనూ అనలేదు.

రోజూ వినిపించింది. అయితే ఒక వింత: ఆ దగ్గు రోజురోజుకూ తేలికపడుతోంది. రెండో వారం చివరికి అది గొంతు సవరించుకున్నంత చప్పుడుగా మిగిలింది. చిన్నమ్మి రక్తపరీక్ష శుభ్రంగా ఉంది. సర్వేశ్వరరావు సంతకం చేసి కాగితాలు పట్నం పంపాడు. మూడో వారం మొదలైంది.

ఆ రోజు మధ్యాహ్నమే మంచు దిగింది. వరండాలో ఆయా తవిటమ్మ ఎగతాళి వినిపించింది.

"ఏటే చిన్నమ్మీ, మొగుడికి పలారం దాసినట్టు దాసేత్తన్నావు! బతికున్న మొగుడికే నేనింత సెయ్యలేదు తల్లీ."

"నీ మొగుడు నీకు అడివిలోంచి తేనె తెచ్చీవోడేటి? మావోడు తెచ్చీవోడు."

డాక్టరు లోపలికి వచ్చాడు. కిటికీ గట్టు మీద విస్తళ్లు కుట్టే అడ్డాకు ఒకటి పరిచి ఉంది. ఎగరకుండా నున్నటి ఏటిరాయి ఒకటి దాని అంచున. ఆకులో మూడు మాత్రలు.

"ఇదేమిటి?"

తవిటమ్మ తల దించుకుని పక్కకు తప్పుకుంది. చిన్నమ్మి మాత్రం దాచలేదు.

"కొత్తది కదా బాబూ. కందులైనా, మావిడైనా, పోయిన పెద్దోలకి ఎట్టకుండా మేం నోట్లో ఎట్టం. మావోడు ధర్మ ఈ దగ్గుతోనే పోనాడు. రెండేళ్లయింది. పోనాక కూడా గుమ్మంకాడ దగ్గుతానే ఉండీవోడు... అందుకే సగం ఆడికి."

"మొదటి రోజు నుంచీనా?"

"మొదటి రోజు కాడినుంచీ. తెల్లారేసరికి ఆకు కాళీ." ఆమె గొంతు తగ్గించింది. "ఆడికి నెమ్మదిస్తంది బాబూ. నీకూ ఇనిపిస్తంది కదా."

కిటికీకి దోమతెర ఉంది. కాకి రాదు. ఎలుక ఆకు కొరకకుండా మాత్ర తినదు. ఆయన అదంతా గమనించాడు. అంతకంటే ముందు గమనించినది మరొకటి: నాలుగు మాత్రలు తట్టుకుందని తాను సంతకం చేసిన మనిషి, తిన్నవి రెండే. ఆమెను ఇప్పుడు తొలిమెట్టుకు దింపాలి, లేదా పూర్తిగా మానిపించాలి. పట్నానికి మరో కాగితం రాయాలి. ముప్పై ఏళ్లలో తన సంతకం తప్పని ఆయన ఎన్నడూ రాయలేదు.

"అన్నీ మింగు," అన్నాడు. "నా ఎదట."

"ముందు ఆడికి..."

"చచ్చినవాడికి మందెందుకు? మింగు!"

ఆకులోని మూడింటినీ తన చేత్తోనే ఆమె అరచేతిలో పోశాడు. ఆమె వాటిని చాలాసేపు చూసింది. ఏడ్వలేదు. అప్పటికే మూడు మింగిన మనిషి, తక్కిన మూడూ మింగింది.

ఆ తర్వాత రోజూ ఆయన ఎదుటే ఆరు. మూడో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి. మందు ఆపాడు. ఐదో రోజు ఉదయం, పక్క మంచం కూడా కనిపించనంత మంచులో, చిన్నమ్మి పోయింది. ఆశ్రమ పాఠశాల నుంచి పరుగున వచ్చిన కూతురు సోని తల్లి పాదాలు పట్టుకుని కూర్చుంది.

ప్రాణం పోయిందని రాయాలంటే విని రాయాలి. సర్వేశ్వరరావు గొట్టం చెవుల్లో పెట్టుకున్నాడు. ఛాతీ మీద ఆనించాడు. ఏమీ లేదు. గుండె లేదు. ఊపిరి లేదు.

తర్వాత... దగ్గు.

ఆడమనిషి దగ్గు.

పెదవులు కదల్లేదు. మళ్లీ దగ్గు. తడిగా. లోతుగా. దాని వెనుక ఎవరో నిండుగా, హాయిగా, అడ్డం లేకుండా... ఊపిరి పీల్చారు.

"ఏటి బాబూ?" తవిటమ్మ గొణిగింది. "ఏటి ఇంటన్నారు... అంతసేపు?"

"ఏమీ లేదు."

సోని తలెత్తి చూసింది. "మా అమ్మ మందు వల్ల పోనాదా, డాక్టరుగారూ?"

ఆ ప్రశ్నకు నివేదికలో ఒక గడి ఉంది. ఆయన ఆ చివరి గడిని ఒక్క మాటతో నింపాడు. ఆ తర్వాత ఏ రోగి ఛాతీ మీదా గొట్టం ఆనించలేదు. ఏడాది తిరక్కుండా ఉద్యోగం మానేసి విజయనగరం వెళ్లిపోయాడు. మిగిలిన మాత్రల సీసా ఒకటి ఆయన బీరువాలోకి చేరింది. ఎందుకు తెచ్చుకున్నాడో ఆయనే చెప్పలేడు.

2006 పుష్యంలో ఒక ఉత్తరం వచ్చింది. పొందికైన దస్తూరి.

"గౌరవనీయులైన డాక్టరుగారికి, సోని నమస్కరించి రాయునది. నేను ఇప్పుడు మా ఊరి బడిలో చదువు చెబుతున్నాను. ఈ ఏడు కొత్త కందులు తినే కందికొత్త పండక్కి అమ్మకు, నాన్నకు ఆకులు వేశాం. నాన్న ఆకు తెల్లారేసరికి ఖాళీ. నాన్నకు పూర్తిగా నయమైంది. అమ్మ ఆకు అలాగే ఉంది. పొద్దుగూకితే గుమ్మం దగ్గర అమ్మ దగ్గు వినలేకపోతున్నాను. నాకు మీ మీద కోపం లేదు. ఆ మందు మిగిలి ఉంటే చాలు. పంపే శ్రమ కూడా మీకు వద్దట. మీ కిటికీలో తనే ఆకు వేస్తున్నానని, మీరు అది తీసి పారేస్తున్నారని అమ్మ చెప్పింది. ఈసారి పారేయకండి. అందులో పెట్టండి."

ఆయన ఇల్లు రెండో అంతస్తు. ఆ వీధిలో చెట్టే లేదు. అడ్డాకు తీగ కొండ దిగి రాదు. అయినా ఆ ఉత్తరం రాకముందు పదకొండు ఉదయాలు ఆయన కిటికీ గట్టు మీంచి ఒక ఆకును, దాని మీది తడి ఏటిరాయిని తీసి, ఎక్కడిదో చెత్త అనుకుని, కింద పారేశాడు.

ఉత్తరాన్ని మడిచి, బీరువాలో సీసా పక్కన పెట్టాడు. బీరువాకు తాళం వేశాడు.